పామిడాయన రాయి

జరమేం లేదు నాయనా, నా గొంతు ఎప్పుడూ ఇంతే, మెల్లగానే వస్తాది. నిన్న మీరు ఫోన్ చేస్తే నేను ఎత్తకపోయింది ఒంట్లో బాగలేక కాదు. పామిడాయన దినాలకి పోయింటి. పోతా పోతా ఫోన్ గూట్లోనే మర్చిపోయింటి.

ఎవురంటావా? మన ఎనకింటి ఆయప్ప. మీరు చిన్నప్పుడు ఈడికి వస్తే మిమ్మల్ని రెండు చేతులా పైకెత్తి, ఒక కన్ను మూసుకొని, "ఏడున్నర కేజీ" అని చెప్తాండె కదా, ఆయప్పే. ఏది దొరికినా అరచేతిలో పెట్టుకొని తూకం చెప్పేది ఆయప్ప అలవాటు. వంకాయలు చెప్పినాడు, పెండ్లి పత్రిక చెప్పినాడు. ఒక్కటీ సరిపోయింది లేదు. కూరగాయలామె తక్కెట్లో పెట్టి చూపిస్తే, "నీ తక్కెడ సరిగా లేదమ్మా" అనేటోడు.

అసలు పేరు నాకు తెలీదు. నవ్వొద్దండి. నిన్న పటం పెట్టి కింద పేరు రాసింటే, నేను ఇంకెవురి ఇంటికో వచ్చినానేమో అనుకుంటి. పామిడి నుంచి మన ఊరికి ఇల్లరికం వచ్చినాడు, అందుకని పామిడాయన. పెద్దోళ్ళు "అల్లుడా" అంటాండ్రి. తల నెరిసినా, మనవరాండ్లు పుట్టినా, ఊరంతటికీ అల్లుడే. ఆయప్ప పెండ్లాము నాకు ఆడబిడ్డ వరస కాబట్టి నేను "అన్నా" అంటాంటి.

చెప్పులు కాళ్ళకి కాదు, చేతిలో ఉండేవి. ఊర్లోకి వచ్చినాక కిందేసి తొడుక్కొనేది, ఎవురింటికైనా పోతే గడప ముందర మళ్ళా ఇడిసేది. మొత్తం మీద పది అడుగులు నడుస్తాండె వాటితో. "ఏందన్నా ఇది?" అంటే, "చెప్పులుండేది మనుషులకి చూపించేదానికమ్మా, ముండ్లకి కాదు" అనేటోడు.

ఇంకొకటి, వాళ్ళ పామిడి పక్కనుండే పెన్న ఏరు. మీరు ఏ మాట ఎత్తినా సరే, ఆయప్ప పెన్న కాడికే వచ్చి నిల్చుంటాడు. వాన గురించి మాట్లాడితే, "పెన్నలో అయితే ఇట్ల కాదు." పాముల గురించి మాట్లాడితే, "పెన్నలో అయితే ఇంత లావు." చేపల మాట వస్తే ఇంక చెప్పనే పన్లేదు. పెన్నలో చేపలు మనిషి పిలిస్తే వచ్చేవంట. మీ తాత ఊరుకుండే మనిషి కాదు కదా, "ఏం బావా, మీ పెన్నలో ఇప్పుడు నీళ్ళుండాయా?" అని గిల్లుతాండె. "ఇసక కింద ఉండాయి బావా" అనేటోడు ఆయప్ప. "చేపలో?" "అవీ ఆడే ఉంటాయి."

ఇంత పెన్న మనిషిని పట్టుకొని మనోళ్ళు ఒక రాయి ఇయ్యలేదు. ఆయప్ప కడుపులో ఉండే మంట అదొక్కటే.

రాయంటే చెప్తా ఉండండి. మన చెరువు సంగతి తెల్సు కదా, ఏడాదిలో శానా నెలలు దాంట్లో మేకలు మేస్తాయి, పిల్లోళ్ళు క్రికెట్టు ఆడతారు. మృగశిర కార్తెలో కొండ మీద వాన పడి వంక పారితే మోకాలి లోతు కొత్తనీళ్ళు వస్తాయి. ఆ నీళ్ళు తేరుకోకముందే గాలం పందెం పెడతారు. నీళ్ళే లేని చెరువులో చేపలు యాడివంటావా? కొరమీను మన జనం మాదిరిదే నాయనా. నీళ్ళు ఎండిపోతే బురదలోకి దిగి గమ్మున పండుకుంటాది. వాన చప్పుడు ఇనపడితే లేస్తాది.

చెరువు కింద మడి ఉండే ప్రతి ఇంటికీ కట్ట లోపలి పక్క ఒక రాయి ఉండాది. ఆ ఇంటోళ్ళు ఆ రాయి మీదే కూచోని గాలం వెయ్యాల. కొత్తనీళ్ళ పొద్దు ఏ రాయీ ఉత్తగా ఉండకూడదు, ఉంటే ఆ ఏడు చెరువు నిండదని మనోళ్ళ నమ్మకం. ఒక ఇంటోళ్ళు బెంగుళూరుకి కట్టడం పనికి పోయి తిరిగి రాలేదు. వాళ్ళ రాయి మీద ఒక తువ్వాలు పరిచి, ఆ దేవునికి మనిషి కూచున్నట్లు కనపడాలని చూసేటోళ్ళు. మన తెలివి అది.

పామిడాయన మామగారికి కొండ కింద మెట్ట చేను ఉండె గాని చెరువు కింద మడి లేదు. మడి లేకపోతే రాయి లేదు. ప్రతి ఏడూ పందెం ముందర ఆయప్ప చెప్పులు తొడుక్కొని నీరుగంటి కాడికి పోయేటోడు. నీరుగంటంటే చెరువు నీళ్ళు ఏ మడికి ఎప్పుడు ఇడవాల్నో చూసే పెద్దాయప్ప, పందేనికి కూడా ఆయప్పే పెద్ద.

"ఆ తువ్వాలు పరిచే రాయి నాకియ్యండప్పా. తువ్వాలు కంటే నేను నయం కదా."

"మడి లేనోనికి రాయేంది అల్లుడా? సరే, పెన్న పెన్న అంటావు, ఒక చేపని పట్టి చూపించు. ఆ పొద్దే ఇస్తా."

"రాయి లేనిదే చేపనెట్ల పట్టేది?"

"చేప లేనిదే రాయెట్ల ఇచ్చేది?"

ఇద్దరూ ఆడికి చాలించి బీడీలు ముట్టించేటోళ్ళు. మళ్ళా ఏడాది ఇదే మాట. ఆ పక్కన నిలబడి ఇన్నోళ్ళు నగుతారు గాని, ఇంటికి పోయేటప్పుడు ఆయప్ప చెప్పులు ఇడిసేది మర్చిపోయి ముండ్ల దావలో అట్లనే పోతాండె. నేను చూసినా.

పందేనికి ఒకటే చట్టం, నోరు తెరవకూడదు. మాట వినపడితే చేప దూరం పోతాదంట. నీరుగంటి కట్ట మీద కట్టె పట్టుకొని తిరుగుతాడు. ఎవురు మాట్లాడినా భుజం మీద కట్టె పెడతాడు, ఇంక లేచి ఇంటికి పోవాల్సిందే. మనోళ్ళకి ఇది ఉరిశిక్ష కదా. చీమ కుట్టి "అమ్మా" అన్నోడు పోయినాడు. ఒకడు తుమ్మితే, తుమ్ము మాట కిందికి వస్తాదా రాదా అని ఆడే పంచాయితీ పెట్టి, ఆ పంచాయితీలో మాట్లాడినోళ్ళంతా పోయిరి. మీ తాత ప్రతి ఏడూ, "ఇంగ నేను మాట్లాడనప్పా" అని చెప్పి ఓడిపోయేటోడు.

తొంభైల చివర్లో ఒక ఏడు, పందేనికి ముందర మీ తాత కాల్లో తుమ్మముల్లు ఇరిగి చీము పట్టె. మంచం దిగే వీల్లేదు. మన రాయి ఉత్తగా ఉంటాది, చెరువు నిండకపోతే ఊరంతా మనల్ని అంటాది. నేనే కూచుంటానంటి. మీ తాత నొప్పి మర్చిపోయి నగె. నగడా మరి? అప్పుడు నా నోరు ఎట్లాంటిదంటే, నేను చేన్లో మాట్లాడితే ఊర్లో వాళ్ళు జవాబు చెప్పేటోళ్ళు. ఇప్పుడు మెల్లగా మాట్లాడతానని మీరు అంటారు గాని, అదంతా పండ్లు ఊడిపోయినాక వచ్చిన మంచితనం.

నీరుగంటి అడ్డం చెప్పలేదు. "రాయికి ఆడేంది మొగేంది, కూచోమ్మా. బుట్ట ఎవురు పడతారు?" అనె. గాలం వేసేది ఇంటోళ్ళే అయినా, పడిన చేపని తీసి బుట్టలో వేసేటోడు ఎవురైనా కావచ్చు.

"నేను" అన్నాడు పామిడాయన, చెప్పులు తొడుక్కొని వచ్చి.

నీరుగంటి ఇద్దర్నీ కిందికీ పైకీ చూసె. "సరే అల్లుడా. ఈయమ్మ బుట్టలో చేప చూపిస్తివంటే ఆ తువ్వాలు రాయి నీదే. నలుగురి ముందర చెప్తాండా."

ఆ సాయంత్రం మన వాకిట్లోనే నాకు పామిడాయన పాఠం. నీళ్ళ బకెట్టు పెట్టి, నా చేతికి పరక కట్టె ఇచ్చినాడు. మాట్లాడకూడదు కదా, అన్నీ సైగలే. తల మీద చెయ్యి పెడితే లాగాల. చెవి పట్టుకుంటే వదలాల. ముక్కు గీరుకుంటే గమ్మునుండాల. మీ తాత మంచం మీద నుంచి, "బకెట్లో ఏమన్నా పడిందా?" అని అడగతానే ఉండె. "నీ పెండ్లాము నోరు మూసుకొనింది, అంతకంటే ఏం పడాల బావా?" అనె ఆయప్ప.

మర్సనాడు పొద్దు మొలిచేసరికి రాయి మీద కూచుంటి. కొంగు నోట్లో కుక్కుకోని కూచుంటి. ఆయప్ప నా పక్కన నీళ్ళలో గొంతుక్కూచోని బుట్ట పట్టుకొనుండె. ఇంగ చూడండి, కొత్తనీళ్ళకి లేచిన దోమలు. ఆయప్ప చెవి గీరుకుంటాడు, నేను వదుల్తా. తల కొట్టుకుంటాడు, నేను లాగుతా. ముక్కు రుద్దుకుంటాడు, నేను రాయి మాదిరి బిగుసుకుంటా. యాది సైగనో యాది దోమనో తెలిసే దావే లేదు. అడగాలంటే నోరు తెరవకూడదు. నా బతుకులో అంతసేపు మాట్లాడకుండా ఉన్నింది అదే మొదలు. మాటలు గొంతులో నిలబడి ఒకదాన్నొకటి తోసుకుంటాండె.

ఒకసారి గాలం దారానికి కట్టిన బెండు మునిగె. ఉత్తగా మునగలేదు, ఎవురో కిందికి గుంజినట్లు మునిగె. ఆయప్ప తల, చెవి, ముక్కు అన్నీ ఒకేసారి గీరుకుండె. నాకేం తోచక, బాయిలో చేద లాగినట్లు రెండు చేతులా లాగితి. మోచేతంత కొరమీను గాల్లోకి లేసి, నా తల మీదుగా పోయి, నా ఎనక కట్ట మీద దబ్బున పడె. కొంగు నోట్లో లేకపోతే నా కేక నల్లమాడ దాకా ఇనపడేది. ఆయప్ప బుట్ట పట్టుకొని ఎగబాకినాడు. గాలం పట్టుకున్నోళ్ళు ఎనక్కి తిరిగి చూస్తే మంచిది కాదంటారు కదా, నేను నీళ్ళకే చూస్తాంటి. ఎనక దబదబ చప్పుడు, ఆయాసం, గులకరాళ్ళు జారినట్లు ఇంకో చప్పుడు, నా పక్కనే చుబుక్కుమని ఒకటి. చెయ్యి కడుక్కుంటాండాడేమో అనుకుంటి.

మళ్ళా వచ్చి నీళ్ళలో కూచున్నాడు. బుట్ట మూత మీద రెండు చేతులూ పెట్టి, బ్యాంకు ముందర తుపాకీ పట్టుకొని కూచున్నోని మాదిరి కూచున్నాడు. మొగం గట్టిగా పెట్టుకొనుండె. నాకు ఎంత గర్వమంటే, మిగతా రాళ్ళ మీదుండే మొగోళ్ళని ఒక్కొక్కర్నీ చూసి, కొంగు నోట్లోనే పెట్టుకొని నగితి. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆయప్ప ఆ మూత మీద చెయ్యి తియ్యలేదు.

నీరుగంటి ఈల ఊదె. అందరి బుట్టలూ చూసుకుంటా వచ్చె. ఒకని బుట్టలో రెండు పరిగెలు, ఇంకొకని బుట్టలో కప్ప. మా బుట్ట మూత ఎత్తితే లోపల ఏమీ లేదు. రవ్వంత నాచు ఉండె.

"ఏమప్పా అల్లుడా?"

"జారింది" అన్నాడు పామిడాయన.

ఒక్క మాటే. కట్టంతా నగె. "పెన్నలో అయితే జారేది కాదు కదా అల్లుడా" అని ఒకడు. "ఇంతసేపూ దేనికి కావలి కాస్తివి, నాచుకా?" అని ఇంకొకడు. ఆయప్ప చెప్పులు తీసుకొని నిల్చుకొనుండె, నీళ్ళు కారే కాళ్ళతో, యాడికి పోవాల్నో తెలీనట్లు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చె. ఆయప్ప మీద కాదు, ఎవురి మీదనో కూడా తెలీదు. పొద్దన్నుంచి నోట్లో మూసిపెట్టిన మాటలన్నీ ఒకేసారి బయటికొచ్చె. "గుడ్ల చేప. కడుపుతో ఉండాదని అన్నే వదిలిపెట్టినాడు. మీరైతే పులుసు పెట్టుకుందురు" అంటి. నా తల మీదుగా పోయేటప్పుడు తప్ప నేను దాన్ని చూసింది లేదు.

కట్ట మీద నగు నిలిచిపోయె. నీరుగంటి ఆయప్ప పక్క తిరిగి, "నిజమా అల్లుడా?" అనె.

"జారిందప్పా" అన్నాడు.

"చూడండి, చెప్పుకొనేది కూడా లేదు మనిషికి" అన్నాడు ఇంతకు ముందర నగినోడే.

ఆ పొద్దు నుంచి ఆయప్ప ఎన్నిసార్లు నిజం చెప్తే అంత పెద్దోడు అయినాడు. టీ అంగట్లో అడిగితే "జారింది." రచ్చబండ కాడ అడిగితే "జారింది." జనం దండం పెట్టేది ఒక్కటే తక్కువ. రాయి మాత్రం ఇయ్యలేదు, చట్టం చట్టమే కదా, బుట్టలో చేప లేదు. ఆయప్ప నన్ను అడిగె ఒకసారి. "ఏమ్మా, ఆ మాట ఏంటికంటివి?" నేను, "నోరు ఊరుకోలేదన్నా" అంటి. "నీ నోరు పెన్న కంటే పెద్దదమ్మా" అని పోయినాడు.

ఆ ఎనక వానల్లేవు. ఆ కరువేండ్లు మీ అమ్మకి బాగా తెల్సు. చెరువు నెర్రెలిచ్చి పోయె, పందెం లేదు, రాళ్ళన్నీ ఉత్తవే. అయినా ఎవురన్నా చెరువు అడ్డంగా నడిచి వస్తే, "చూసి నడువప్పా, అల్లుడు వదిలిన చేప కిందుండాది" అనేటోళ్ళు. నా కత చూడండి, నేనే పుట్టించిన మాట అది, నేను కూడా ఆ నెర్రెల కాడికి వచ్చినప్పుడు కాలు మెల్లగా పెడతాంటి.

తర్వాత ఒక ఏడు పెద్ద వానలు పడె. నీళ్ళు వచ్చిన కొన్నాళ్ళకి తూము కాడ కుంకుమ చల్లినట్లు ఎర్రగా ఒక గుంపు తిరుగుతాండె. కొరమీను పిల్లలు. అల్లుడు వదిలిన చేప పిల్లలేనని ఊరు ఊరంతా కట్ట మీదికొచ్చె. పై చెరువు నుంచి వంకలో కొట్టుకొచ్చినాయని ఒకాయప్ప అన్నాడు గాని, ఆయప్పని మాట్లాడనిస్తే కదా. నీరుగంటి అందరి ముందరా పామిడాయన చెయ్యి పట్టుకొని పోయి తువ్వాలు తీసి, "ఇది నీది అల్లుడా" అని రాయి చూపించె. పామిడాయన దాని మీద అరచెయ్యి పెట్టి, శానాసేపు అట్లే ఉండె. రాయిని కూడా తూకం వేస్తాండాడని పిల్లోళ్ళు నగిరి. ఆయప్ప ఏ కేజీ చెప్పలేదు.

ఆ మరుసటి ఏడు పందేనికి మన రాయి మీద మీ తాత కూచుండె. పామిడాయన బుట్ట పట్టేదానికి నన్ను పిల్సె. తెల్లగుడ్డ కట్టుకొని, చెప్పులు రాయి పక్కన జతగా పెట్టి, పెండ్లికొడుకు మాదిరి కూచున్నాడు. ఈల ఊదినాక, డబ్బాలో నుంచి వానపాము తీసినాడు. తీసి దాన్ని గాలం కొక్కేనికి చుట్టి, ముడి వేసేదానికి చూస్తాండాడు. దూడకి పలుపు కట్టినట్లు. అది జారిపోయె. ఇంకొకటి తీసినాడు, మళ్ళా చుట్టినాడు. నేను కండ్లు పెద్దవి చేసి చూస్తాంటి. ఆయప్ప తల ఎత్తి నన్ను చూసినాడు.

మాట్లాడే వీల్లేదు. మాట్లాడే పనీ లేదు. నాకు అన్నీ ఒకేసారి అర్థమాయె. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్క గాలం ఏసింది లేదు. నేను సైగలనుకొనింది అంతా దోమలే. కొంగు అడ్డం పెట్టుకొని, కొక్కెం తీసుకొని, వానపాము గుచ్చి చేతికిచ్చినా. ఆయప్ప నీళ్ళలోకి వేసినాడు. పొద్దంతా ఒక్కటీ పడలేదు. "కావాలనే పట్టడప్పా ఆ మహానుభావుడు" అనుకుంటా జనం ఇంటికి పోయిరి.

నీళ్ళు వచ్చిన ప్రతి ఏడూ ఇదే పని. ఆయప్ప కూచోవాల, నేను కొంగు చాటున గుచ్చియ్యాల. మీ తాతకి కూడా చెప్పలేదు. నేను, నా ఈ నోరు పెట్టుకొని, చెప్పలేదు. మీరే మొదలు.

పోయిన నెల చూసేదానికి పోయింటి. మంచం మీద శానా చిక్కిపోయి ఉండె. కూతురు రాగిగంజి ఇచ్చి లోపలికి పోతే, ఇంగ ఎప్పుడడుగుతాంలే అని అడిగితి. "అన్నా, చేపలు పట్టేది రాదు కదా, పెన్న పెన్న అని ఏంటికి అంటాంటివి?"

ఆయప్ప నగె. "మా పామిడిలో నేను చూసింది ఇసకేనమ్మా. చేపల కతలు మా నాయన చెప్పేటోడు. ఈడికి వస్తూనే మీరంతా పామిడాయన అంటిరి. అంత దూరం నుంచి వచ్చినోడు ఏదో ఒకటి తేవాల కదా. ఉత్త చేతులతో వస్తే ఏం బాగుంటాది?"

  గంజి గలాసు అందిచ్చి ఇంకొకటి అడిగితి. ఆ కొరమీనుని చేత్తో పట్టుకొనింది ఆయప్ప ఒక్కడే కదా. అప్పుడు నేను గుడ్ల చేప అని నోటికొచ్చింది అంటి, ఊరు నమ్మె, రాయిచ్చిరి, తూము కాడ ఎర్రగా పిల్లలు తిరిగె. రాత్రిళ్ళు పండుకున్నప్పుడు నాకే అనుమానం వస్తాది, నేను చెప్పింది అబద్ధమా కాదా అని.

ఆయప్ప కండ్లు మూసుకొనుండె. నిద్రపోయినాడో, ఇంటాండాడో తెలీలేదు. గలాసు చేతిలోనే ఉండె. నేను మంచం పట్టెకి దగ్గరగా ఒరిగి, లోపలుండే కూతురికి ఇనపడకుండా మెల్లగా అడిగితి.

"అన్నా, ఆ చేప కడుపు మెత్తగా ఉండెనా, నిండుగా ఉండెనా?"